వెతికిన చప్పుడు

ఉమైమా పాలగ్లాసు ఎత్తి ఒక్క గుక్క తాగి, ఆ గుక్కను అలాగే బల్ల మీద కక్కేసింది. “అమ్మీ, ఉప్పూ!” అని ఏడుపు లంకించుకుంది.

పిల్ల జడకు రిబ్బను కడుతున్న వజీరున్నీసా చేతులు ఆగిపోయాయి. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. బల్ల మీద తడిమి గ్లాసు పట్టుకొని, వేలు ముంచి నాలిక్కు రాసుకుంది. జడ సగంలోనే ఉండిపోయింది.

అఖీల్ కోప్పడలేదు. ఆ ఇంట్లో ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. “పోనీలే వజీరా, నీ తప్పేముండాది? కండ్లుండేవాళ్ళకే ఒగోసారి తారుమారవుతాది,” అంటూ తనే గ్లాసు తీసి సింకులో ఒంపాడు, తనే బల్ల తుడిచాడు, పిల్లను ఎత్తుకొని కండ్లు తుడిచాడు. ఇబ్రి అనే ఈ ఎడారి ఊళ్ళో ఉన్న కడపవాళ్ళంతా ఆయన పేరు చెబితే చేతులు జోడిస్తారు. కళ్ళు లేని అమ్మాయిని ఏరికోరి చేసుకున్నాడు, పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడు, ఈ కాలంలో ఎవరున్నారండీ అలాంటివాళ్ళు అని.

గిన్నెలు తోముతున్న శ్రీలత కూడా అదే అనుకుంది. నిర్మల్ దగ్గర పల్లెలో తన మొగుడికి పిల్లి అడ్డమొచ్చినా పెళ్ళాన్నే తిట్టడం అలవాటు. అలాంటి మొగుడి దగ్గర నుంచి వచ్చి ఈ ఇంట్లో పనికి కుదిరినామెకు అఖీల్ సారు దేవుడిలాగే కనిపించాడు. దెబ్బ కంటికి కనిపిస్తేనే దెబ్బ అనుకునే లోకం ఇది. శ్రీలత అందులో మనిషే.

దుకాణానికి బయల్దేరుతూ అఖీల్ గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ ఆమెను పిలిచాడు.

“శ్రీలతా, శుక్రవారం నమాజు అయినాక మా అన్న, వదిన బురైమి నుంచి వస్తాండారు. వదిన వచ్చే వారం ఊరికి పోతాంది. ఉమైమాను ఆమెతో కడపకు పంపిద్దామని ఉండాది. మా అమ్మ దగ్గర పెరుగుతాది.”

“ఆపాకు ఎరుకేనా సార్?”

“చెప్పినా. ఏడ్చింది. తల్లి గదా, ఏడుస్తాది. గానీ ఉప్పుకూ చక్కెరకూ తేడా తెలీనామె పిల్లను ఎట్ల సాకుతాది? నువ్వే చూస్తాండావు. శుక్రవారం నువ్వు చూసిందే చెప్పు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.” బూటు తాడు బిగించి లేచాడు. “మీ అమ్మకు బాగాలేదంటివి గదా. శుక్రవారం దాటనీ, నీ సెలవు సంగతి చూద్దాం.”

శ్రీలత గుండె ఒక్కసారి ఊరిదాకా పోయి వచ్చింది. తల్లి లస్మవ్వ మంచాన పడిందని కబురు వచ్చినప్పటి నుంచి ఆమె సెలవు అడుగుతూనే ఉంది. పాస్‌పోర్టు సారు దగ్గరే, ఇక్కడి గుర్తింపు కార్డూ సారు దగ్గరే. భద్రంగా ఉంటాయని మొదటిరోజే తీసి పెట్టుకున్నాడు.

చూసింది చెప్పడంలో తప్పేముంది, చూశాను కదా అనుకుంటూ ఆమె వంటింట్లోకి వచ్చింది.

అక్కడ వజీరున్నీసా మసాలా అలమర ముందు నిలబడి, డబ్బాలను ఒక్కొక్కటే దించి మూత తీసి వాసన చూస్తోంది. “నువ్వు గూసో ఆపా, నేను జూస్త తియ్యి,” అంటూ శ్రీలత ఆమె చేతిలోంచి డబ్బా లాక్కోబోయింది. అది ఆమె అలవాటు. కళ్ళు లేని మనిషికి పని చెప్పకపోవడమే పుణ్యమని ఆమె లెక్క. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి గరిటె, చీపురు, పిల్ల అన్నం గిన్నె, అన్నీ ఆ చేతుల్లోంచి అలా తీసుకుంటూనే ఉంది.

వజీరున్నీసా డబ్బా వదల్లేదు. “ఒగ మాట అడుగుతా, నిజం చెప్పు. ఈ రబ్బర్ బ్యాండు నువ్వు మార్చినావా?”

“గదేం మాట?”

“ఉప్పు డబ్బాకు బ్యాండు పెట్టుకుంటా. చక్కెరకు పెట్టను. రెండూ ఒకే సైజు డబ్బాలు, వేలికి తెలిసేటట్ల అది నా గుర్తు. ఇప్పుడు చూడు, బ్యాండు చక్కెర డబ్బాకుండాది.”

శ్రీలతకు చుర్రుమంది. “నేనెందుకు మారుస్త ఆపా? నీ గుర్తు నాకు ఎరుకే లేదు. నువ్వే మరిచిపోయి పెట్టి ఉంటవ్. సారు అన్నడు, ఆపా ఈమధ్య మరుస్తున్నదని.”

వజీరున్నీసా ముఖం ఆమె గొంతు వైపు తిరిగింది. “నీకు అట్ల చెప్పినాడా? నాకేమో, ఆ తెలంగాణ పిల్లకు సర్దే పిచ్చి, అన్నీ జరిపేస్తాది, పాపం ఏమీ అనబాకు అని చెప్పినాడు.”

ఎవరు మార్చారో చూద్దామంటూ వజీరున్నీసా అలమర అడుగు అరలోంచి కొవ్వొత్తి ముక్క తీయించింది. శ్రీలత వెలిగించి ఇస్తే, ఉప్పు డబ్బాను బోర్లించి, అడుగున వేలు ఆన్చి, ఆ వేలి పక్కనే ఒక్క మైనం చుక్క పడేట్టు తనే వంచింది. చుక్క ఆరాక తడిమి చూసుకొని, బ్యాండు ఉప్పు డబ్బాకే తగిలించి యథాస్థానంలో పెట్టింది. “ఈ చుక్క సంగతి నీకూ నాకే తెలుసు. ఎవురికీ చెప్పబాకు,” అంది.

ఆ మధ్యాహ్నమే ఇంకొకటి జరిగింది. ఉమైమాకు దుమ్ము పడదు. ఊపిరి పట్టేస్తే పీల్చే మందు డబ్బీ, దాన్ని తగిలించే ప్లాస్టిక్ గొట్టం, రెండూ పడకగది తలుపు పక్కన మేకుకు వేలాడే గుడ్డసంచిలో ఉంటాయి. ఆ సంచి వజీరున్నీసా కుట్టింది, ఆ మేకు తన భుజం ఎత్తున తనే కొట్టించుకుంది. బట్టలు మడత పెట్టి అటు పోతూ ఎప్పటిలా సంచిని ఒకసారి నొక్కి చూసింది. గొట్టం ఉంది. మందు లేదు.

శ్రీలత ఇల్లంతా గాలించింది. మంచాల కింద, దిండ్ల సందున, పిల్ల బొమ్మల బుట్టలో, ఆఖరికి బియ్యం డ్రమ్ములో కూడా చేయి పెట్టి చూసింది. సాయంత్రం వచ్చిన అఖీల్ సంగతి విని నిట్టూర్చాడు. సొరుగులు దబదబా లాగాడు, అలమర తలుపులు కొట్టాడు, సోఫాలు జరిపాడు. “ఇల్లంతా వెతికినా వజీరా. యాడ పారేసినావో ఏమో. ప్రాణం మీదికొచ్చే వస్తువమ్మా అది,” అని తల పట్టుకున్నాడు. కొత్తది తెమ్మంటే, షాపులో అయిపోయిందట, శనివారం వస్తుందట. ఆ మందుల షాపు ఊళ్ళో, కారులో పోవాల్సినంత దూరం. గుర్తింపు కార్డు చేతిలో లేని శ్రీలత గేటు దాటదు.

వజీరున్నీసా మంచం మీద కూర్చొని ఖాళీ సంచిని మడుస్తూ విప్పుతూ ఉండిపోయింది. “నొక్కి చూస్తి గదా పొద్దున. ఉన్నింది గదా,” అని తనలో తానే అనుకుంటోంది. అప్పటికి ఆమె గొంతులో ధీమా లేదు. మనిషికి తన చేతుల మీద తనకే నమ్మకం పోవడం కంటే దిక్కుమాలిన స్థితి ఇంకొకటి లేదు.

గురువారం పొద్దున అఖీల్ కారు చప్పుడు వీధి మలుపు తిరగగానే, వజీరున్నీసా అలమర దగ్గరికి నడిచింది. రబ్బర్ బ్యాండు ఉన్న డబ్బా తీసి బోర్లించింది. అడుగున నున్నగా ఉంది. పక్క డబ్బా బోర్లించింది. మైనం చుక్క వేలికి తగిలింది. మూత తీసి నాలిక్కు రాసుకుంది. ఉప్పు.

“శ్రీలతా, నువ్వు గూడా చూడు.”

శ్రీలత చూసింది. ఉప్పు ఉన్నచోటే ఉంది. బ్యాండు మాత్రం నడిచి పక్క డబ్బాకు పోయింది. రాత్రి నుంచి ఈ వంటింట్లో అడుగు పెట్టింది ముగ్గురే. ఒకరికి చూపు లేదు, ఒకరు తను. మూడో మనిషి పొద్దున మంచినీళ్ళ కోసమని వచ్చి, వంటింటి సంగతులు నాకేం తెలుసు, గ్లాసెక్కడుందో కూడా తెలీదని నవ్వి పోయాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, శ్రీలతకు ఒళ్ళంతా మండిపోయింది. గుడ్డిదాని గుర్తు మార్చి, కన్నబిడ్డ పాలల్లో ఉప్పు పోయించి, ఆపైన బల్ల తుడిచి మంచివాడనిపించుకోవడం! తన మొగుడు తిట్టినప్పుడు తిరిగి తిట్టింది, ఊరంతా వినేలా. ఇక్కడ ఈమె ఏమని తిడుతుంది? ఏం చేశాడని చెబుతుంది? పర్వాలేదన్నాడు, కండ్లు తుడిచాడు, అంతే కదా!

“నీ ఫోనేది ఆపా? ఎవలకన్న చెప్పుకోరాదు?”

“గొంతు సరిగా పలకలేదు, రిపేరుకిస్తా అని తీసకపోయినాడు. ఇంగా రాలే.” ఆమె ఫోన్ మాట్లాడే ఫోన్. ఎవరు చేశారో, ఏం రాశారో అన్నీ చదివి వినిపిస్తుంది. పెళ్ళికి ముందు కడపలో టెలిఫోన్ ఆపరేటరుగా చేసిన మనిషి చేతిలో ఆ ఫోను ఊరకే ఉండేది కాదు.

వజీరున్నీసా బ్యాండును ఉన్నచోటే ఉంచి డబ్బాలు అరలో పెట్టి, గట్టుకు ఆనుకొని నిలబడింది. “మా బళ్ళో నాతో చదువుకున్నె రజిత ఉండాది. దానికీ చూపు లేదు, ఇప్పుడు కర్నూల్లో వకీలు. ఫోన్ పొయ్యే ముందు దినం ఒగ సంగతి చెప్పింది. ఇంగ్లాండులో చట్టం ఉండాదంట. మొగుడు చెయ్యెత్తకపోయినా సరే, పెండ్లాన్ని నలుగురికీ దూరం చేసి, ప్రతిదానికీ తన మీదనే ఆధారపడేటట్ల చేసి గుప్పిట్లో పెట్టుకుంటే నేరమంట. జైలు గూడా వేస్తారంట.”

“కొట్టకున్ననా?”

“కొట్టకపోయినా.”

“మరి గీడ ఉన్నదా గా చట్టం?”

“తెలీదు. ఈడేముండాది, మన దేశంలో ఏముండాది అన్నీ కనుక్కోని మర్సటి దినం చెప్తానన్నింది. మర్సటి దినానికి ఫోనే లేదు.” అలమర తలుపు మూసి, “ఉన్నా లేకున్నా ఒగటి మాత్రం తెలిసింది శ్రీలతా. యాడో ఒకచోట దీనికి పేరు పెట్టినారంటే, నాకు పిచ్చి పట్టలేదనే గదా అర్థం,” అంది.

శ్రీలత తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. రేపు చెప్పాల్సిన మాటా, సారు చేతిలో ఉన్న సెలవూ ఆమెను వదల్లేదు.

శుక్రవారం పొద్దున్నుంచే గాలి లేచింది. వాదీ అనే ఎండిన వాగు మీదుగా ఎర్రటి దుమ్ము లేచి కిటికీ అద్దాలకు కొడుతోంది. నమాజు ముగిశాక నిజాముద్దీన్, అక్తరీ బేగం వచ్చారు. అఖీల్‌కు పెద్దన్న నిజాముద్దీన్ నెమ్మదైన మనిషి. ముందు భోజనం, తర్వాతే మాట. బిర్యానీ వజీరున్నీసానే చేసింది. అందరూ మెచ్చుకున్నారు. “శ్రీలత పక్కనే నిలబడి చూసుకున్నింది,” అని అఖీల్ మెత్తగా ఒక మాట వేశాడు. పక్కన నిలబడిన మాట నిజమే, కానీ ఆ రోజు శ్రీలత గరిటె ముట్టలేదు.

చేతులు కడుక్కొని హాల్లో కూర్చున్నారు. పిల్ల ఎవరూ చూడకుండా గుమ్మం బయటికి జారుకొని మెట్ల మీద బంతి ఆడుకుంటోంది. అఖీల్ మొదలుపెట్టాడు. పాలల్లో ఉప్పు, పోగొట్టిన మందు, అన్నీ చెప్పాడు. ఎక్కడా వజీరున్నీసాను నిందించలేదు. “దాని తప్పు కాదు భాయ్‌జాన్. అల్లా అట్ల పుట్టించినాడు. నేను చూసుకుంటా దాన్ని, చచ్చేదాకా. బిడ్డనే నాకు భయం,” అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

“నేను పోగొట్టలేదు,” అంది వజీరున్నీసా.

“మరి ఎవురు పోగొట్టినారమ్మా?” అని అక్తరీ బేగం జాలిగా అడిగింది. ఆ జాలికి వజీరున్నీసా తల వంచుకుంది.

“కావాలంటే శ్రీలతనడుగు భాయ్‌జాన్. పనిమనిషికి అబద్ధమాడే అవసరమేముండాది?” అఖీల్ ఆమె వైపు చూసి చిన్నగా తలాడించాడు.

శ్రీలత తలుపు వారన నిలబడి ఉంది. మైనం చుక్క సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. లస్మవ్వ మంచం కళ్ళముందు మెదిలింది. “పాలల్ల ఉప్పు వడ్డది నిజమే,” అంది. అంతవరకే. మిగతాది మింగేసింది. వజీరున్నీసా ఆ గొంతు వైపు ముఖం తిప్పి, మళ్ళీ వంచుకుంది. భూమి చీలిపోతే బాగుండుననిపించింది శ్రీలతకు.

అప్పుడే బయట నుంచి దగ్గు వినిపించింది.

మామూలు దగ్గు కాదు. లోపలికి పీల్చే గాలికి ఈల వచ్చే దగ్గు. ఉమైమా గుమ్మం పట్టుకొని నిలబడింది, జుట్టు నిండా దుమ్ము, మెడ కింద గుంట పడుతోంది. అక్తరీ బేగం “యా అల్లా!” అని లేచింది. నిజాముద్దీన్ కారు తాళాల కోసం జేబులు తడుముకున్నాడు. వజీరున్నీసా అప్పటికే లేచింది. ఒక్క తడబాటు లేకుండా పడకగది తలుపు దాకా నడిచి మేకు మీది సంచి తీసి గొట్టం పట్టుకొని వచ్చింది. “మందు! మందు కావాల!” అంది.

అఖీల్ పరుగెత్తాడు. ఏం చేయాలో తోచక శ్రీలతా వెనకే పరుగెత్తింది. ఆయన సొరుగులు లాగలేదు, తలుపులు కొట్టలేదు, మంచం కిందికి వంగలేదు. తిన్నగా స్టూలు లాగి, బీరువా మీది పెద్ద సూట్‌కేసు దించి, ప్యాంటు జేబులోంచి తాళంచెవి తీసి తెరిచాడు. పక్క అర జిప్పు సర్రున లాగాడు. మందు డబ్బీ తీసుకొని హాల్లోకి ఉరికాడు. పెట్టె నోరు తెరుచుకొని అలాగే ఉండిపోయింది.

కన్నతండ్రే కదా. ప్రేమ లేకపోలేదు. ఆ ప్రేమే ఆయన్ని పట్టించింది.

డబ్బీ తెచ్చాడు గానీ దాన్నెలా వాడాలో ఆయనకు తెలీదు. మూత తీయకుండానే పిల్ల నోటికి పెట్టబోయాడు. వజీరున్నీసా ఆ చేతిలోంచి దాన్ని తీసుకుంది. మూత ఊడదీసి, బాగా ఊపి, గొట్టానికి బిగించింది. పిల్లను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టి, రెండో చెయ్యి వీపు మీద పెట్టింది. “నొక్కుతాండా కన్నా. పీల్చు. నెమ్మది. వదులు. మళ్ళా పీల్చు.” శ్రీలత చెయ్యి సాయానికి ముందుకు పోయింది. పోయిన చేతిని తనే వెనక్కి తీసుకుంది. ఆ ఒళ్ళో ఇంకొకరి చేతికి పని లేదు.

ఈల తగ్గింది. పిల్ల తల్లి భుజం మీద తల వాల్చి, నీళ్ళు కావాలంది. అక్తరీ బేగం తెచ్చి తాగించింది. అందరూ ఊపిరి తీసుకున్నారు.

“దొరికింది, అల్లా దయ,” అన్నాడు అఖీల్ చెమట తుడుచుకుంటూ.

వజీరున్నీసా పిల్ల వీపు నిమురుతూనే ఉంది. “మొన్న సాయంత్రం ఇల్లంతా వెతికినావు. సొరుగులు లాగినావు, సోఫాలు జరిపినావు. అన్నీ విన్యా,” అంది. “ఇప్పుడు వెతికిన చప్పుడేదీ?”

ఖాళీగా ఉన్న చేతి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది.

“స్టూలు చప్పుడు వినిపించింది. తాళం చప్పుడు, జిప్పు చప్పుడు. ఈ మూడే. వెతికేవాళ్ళు ఇంత తక్కువ చప్పుడు చేస్తారా?”

“అంటే... ఇప్పుడే గుర్తొచ్చింది వజీరా. నువ్వే ఎప్పుడో నా పెట్టెలో పెట్టి ఉంటావు...”

“తాళంచెవి నీ జేబులోనే గదా అఖీల్?” అంది అక్తరీ బేగం. ఆమె గొంతులో ఇందాకటి జాలి లేదు. “తాళమేసిన పెట్టెలోకి అదెట్ల పోయింది?”

అఖీల్ అన్న వైపు చూశాడు. నిజాముద్దీన్ గడ్డం నిమురుకుంటూ, “సరే సరే, ఇంటి మాట ఇంట్లోనే ఉండనీ. నలుగురికి తెలిస్తే నవ్వుబాటు,” అన్నాడు. అన్నీ చూసిన పెద్దమనిషి నోటి నుంచి వచ్చిన న్యాయం అది! పిల్ల ఊపిరి పోబోయింది దాపరికంతోనే. దానికి మందు కూడా దాపరికమేనట.

శ్రీలతకు అప్పుడు తెగింపు వచ్చింది. ఎవరినీ అడక్కుండా పడకగదిలోకి నడిచింది. తెరిచిన సూట్‌కేసులో, మందు తీసిన అర పక్కనే, వజీరున్నీసా ఫోను ఉంది. రిపేరుకు పోయిన ఫోను. దాని కిందే ప్లాస్టిక్ కవర్లో తన పాస్‌పోర్టు, తన కార్డు. తన వస్తువు తాను తీసుకోవడానికి ఎవరి సెలవు కావాలి? కవరు నడుముకు దోపుకుంది. ఫోను తెచ్చి వజీరున్నీసా చేతిలో పెట్టింది.

“ఇది సుత గా పెట్టెలనే ఉన్నది ఆపా.” నిజాముద్దీన్ వైపు తిరిగింది. “ఇందాక సగమే చెప్పిన సార్. పాలల్ల ఉప్పు వడ్డది నిజమే. గని గుర్తు మార్చింది ఆపా కాదు, నేను కాదు. ఉప్పు డబ్బా కింద మైనం చుక్క వెట్టినం. తెల్లారేసరికి చుక్క ఉన్నకాడనే ఉన్నది, బ్యాండు పక్క డబ్బాకు వోయింది. వంటింట్లకు రండ్రి, సూపిస్త.”

“శ్రీలతా!” అన్నాడు అఖీల్. ఆ ఇంట్లో మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. పిల్ల ఉలిక్కిపడి తల్లిని కరుచుకుంది.

అక్తరీ బేగం వంటింట్లోకి పోయి, రెండు డబ్బాలూ బోర్లించి చూసి వచ్చింది. వచ్చి మరిది ముఖం కూడా చూడలేదు. “బిడ్డను నేను తీసకపోను,” అంది మొగుడితో. “దాని తల్లి దగ్గర్నే ఉంటాది. నువ్వు ఇంగొక మాట మాట్లాడబాకు.”

వజీరున్నీసా ఫోను పక్కన మీట నొక్కి పట్టుకుంది. తెర వెలిగింది. గొంతుకు ఏ జబ్బూ లేదు. ఫోను చక్కగా నోరు తెరిచి, టైము చెప్పింది, చదవని మెసేజీలున్నాయంది, రజిత పేరు పదేపదే పలికింది. ఆ పేరు మీదే వేలు రెండుసార్లు తట్టింది.

“ఏమైపోయినావే వజీరా! ఎన్ని సార్లు చేసినానో తెలుసునా?” కర్నూలు గొంతు హాలంతా నిండింది.

“రజితా, ఆ పొద్దు ఒగ చట్టం సంగతి చెప్తాంటివి గదా. దాన్ని ఇంగోసారి చెప్పు. ఈడ నాలాంటిది ఎవురి దగ్గరికి పోవాల, ఏం చెప్పుకోవాల, అది గూడా చెప్పు. గట్టిగా చెప్పు, స్పీకర్లో పెట్టినా.”

వకీలు కదా, ముందు కనుక్కోవలసింది కనుక్కుంది. “వింటాండేది ఎవరెవరు?”

“మా బావ ఉండాడు. అక్తరీ అక్క ఉండాది. నా బిడ్డ ఒళ్ళో ఉండాది. శ్రీలత తలుపు దగ్గర నిలబడింది.” వజీరున్నీసా తల కాస్త పక్కకు వంచి విన్నది. “ఆయన గూడా ఉండాడు. ఇంగా నిలబడే ఉండాడు. కూచున్న చప్పుడు రాలే.”